బాతుల కోసం

మా మేనత్త వాళ్ల కొబ్బరితోటకి కాపలా కుక్కలు కావు, పెద్దబాతులు. 1986 ఆగస్టులో గోదావరి వరద లంకల్ని ముంచి తీశాక తోటలో పాములు ఎక్కువయ్యాయని మామయ్య ఎక్కణ్నుంచో రెండు జంటలు తెచ్చాడు. అవి పిల్లల్ని లేపి మందయ్యాయి. తెల్లటి ఒళ్లు, నారింజరంగు ముక్కు, ముక్కు మొదట్లో బుడిపె. మన పల్లెల్లో కనిపించే ఈ బుడిపె బాతులు తూర్పు ఆసియా అడవిజాతి నుంచి వచ్చినవి. యూరపు ఇళ్లలో పెరిగేవి బూడిదరంగు అడవిబాతు సంతతి. రెండిటిదీ ఒకటే గుణం. ఎరిగినవాళ్ల వెంట తిరుగుతాయి, ఎరగనివాళ్లని గేటు దాటనివ్వవు. క్రీస్తుపూర్వం 390లో గాల్ సేనలు చీకట్లో రోము కొండ ఎక్కుతుంటే కుక్కలు పసిగట్టలేదనీ, జూనో దేవత గుడిలోని బాతులు అరిచి కావలివాళ్లని లేపాయనీ రోమన్ చరిత్రకారులు రాసుకున్నారు. మా అత్తయ్య వాళ్ల బాతుల్ని చూసినవాళ్లెవరికీ ఆ కథ మీద అనుమానం రాదు.

వాటితో వచ్చిన చిక్కల్లా బట్టలతోనే. మామయ్య గోచీ పోసిన పంచెతో, భుజాన తువ్వాలుతో తోటలో తిరిగినంతసేపూ ఆయన కాళ్ల చుట్టూనే ఉండేవి. అదే మనిషి అమలాపురం వెళ్లడానికి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వాకిట్లోకి వచ్చాడంటే మెడలు నేలబారుగా చాచి బుసకొడుతూ మీదికి వచ్చేవి. వానాకాలంలో ఎవరైనా తాటాకు గిడుగు వేసుకుని వస్తే తోటంతా గగ్గోలు. దింపు తీసే కూలీలు తలపాగా చుట్టుకునేది చెట్టు దగ్గరికి వెళ్లాకే. ఖాకీ బట్టల పోస్టుమాను ఉత్తరాలు గేటు బయటే ఇచ్చి వెళ్లిపోయేవాడు. ఒకసారి మామయ్య తిరుపతిలో గుండు చేయించుకుని వచ్చాడు. గేటు తియ్యగానే మగబాతు రెక్కలు విప్పి ఎదురొచ్చింది. ఆయన నవ్వుతూ ఒక్క కేక వేశాడు. అది తల పక్కకి వంచి విని, రెక్కలు ముడుచుకుని దారి ఇచ్చింది.

మనిషి కంట్లో రంగుల్ని పట్టే కణాలు మూడు రకాలైతే పక్షుల కంట్లో నాలుగు రకాలు. మనకి అందని అతినీలలోహిత కాంతిని కూడా చాలా పక్షులు చూడగలవు. మన కంటికి ఒకేలా ఉన్న రెండు చీరలు బాతు కంటికి రెండు వేరు వేరు రంగులు కావచ్చు. దాని ముందు బట్ట మార్చుకోవడమంటే మనిషి సగం మారిపోవడమే. పైగా గుడ్లు పెట్టే కాలంలో మగబాతు కాపలా మరీ గట్టిగా ఉంటుంది. ఆ రోజుల్లో కొత్తగా కనిపించిన ఏ ఆకారాన్నీ అది నమ్మదు.

అత్తయ్య విషయంలో ఈ గొడవ ఉండేది కాదు, ఎందుకంటే అత్తయ్య వేషం మారేది కాదు. బండారులంక నేతచీరలు, అందులోనూ ఎక్కువ నీలంవి. కుచ్చిళ్లు పైకి దోపి, చేతినిండా ఎర్ర మట్టిగాజులతో, నుదుట రూపాయిబిళ్లంత బొట్టుతో తెల్లారకుండానే తవుడు తొట్టె పట్టుకుని వచ్చేది. "బా… బా… బా…" అని సాగదీసి పిలిచేది. చెరువుగట్టు అవతలున్న బాతు కూడా నడక చాలక ఎగిరి వచ్చేది. సాయంత్రం వాటిని పాకలోకి తోలడం ఆవిడకి తప్ప ఇంకెవరికీ చేతనయ్యేది కాదు. పాకలో పడ్డాక వాటి చెవులు మాత్రం రాత్రంతా తోట మీదే ఉండేవి. కాయ దొంగలు ఆ వైపు వచ్చేవాళ్లు కారు.

1991 మాఘంలో మామయ్య పోయాడు. కాయల రాశి దగ్గర లెక్క చూసుకుంటూ గుండె పట్టుకుని కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు. అత్తయ్యకి అప్పటికి నలభై నిండలేదు.

నేను అప్పుడు అమలాపురంలో డిగ్రీ చదువుతున్నాను. కర్మకాండ అన్ని రోజులూ అక్కడే ఉన్నాను. పదో రోజు దగ్గర పడుతున్నకొద్దీ మా నాన్న అన్నం సరిగ్గా తినలేదు. చివరికి అరుగు మీద పెద్దమామయ్య ముందు నిలబడి, "బావగారూ, చెల్లెలి పసుపుకుంకాలు దేవుడు ఎలాగూ తీసేశాడు. మనం మళ్లీ నలుగురిలో కూర్చోబెట్టి గాజులు పగలగొట్టడం ఎందుకండీ? బొట్టయినా ఉండనివ్వండి" అన్నాడు. ఆ గొంతు ఇప్పటికీ నాకు గుర్తే. పెద్దమామయ్య తలెత్తలేదు. జవాబు లోపలి మంచం మీంచి వచ్చింది. అత్తయ్యవాళ్ల అత్తగారు.

"నేను ఇరవైరెండేళ్లకే కూర్చున్నాను మూల. చంకలో ఒకడు, కడుపులో ఒకడు. నాకోసం ఎవరు అడిగారు?"

ఇంక ఎవరూ మాట్లాడలేదు. వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించింది 1881 డిసెంబరు 11న. ఆ రాజమండ్రి ఈ ఊరికి ఒక పూట ప్రయాణం కూడా కాదు. నూటపదేళ్లలో ఆ కాస్త దూరం ఆ మాట నడిచి రాలేదన్న కోపం నాకు ఆ రాత్రి పట్టుకుంది. ఇప్పటికీ వదల్లేదు. ముత్తయిదువలందరూ లోపలి గదుల్లో తలుపులేసుకున్నారు. వెలుతురు రాకముందే చెయ్యవలసింది చేసేశారు. తెల్లారి చూస్తే అత్తయ్య మూలగదిలో తెల్లచీరలో ఉంది. బోడిచేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పలకరిస్తే చూసింది, పలకలేదు.

ఈలోగా బాతుల సంగతి ఎవరికీ పట్టలేదు. రోజుల తరబడి పాక ఎక్కకుండా గట్టు మీదే పడుంటున్నాయి. తవుడు పెట్టబోయిన పనిమనిషి పిక్కని మగబాతు పట్టుకుని మెలితిప్పితే గుడ్డుకట్టు కట్టించుకోవాల్సి వచ్చింది. గుడ్లు ఎక్కడెక్కడో తుప్పల్లో పెడుతున్నాయి. పెద్దమామయ్య విసుక్కుంటుంటే ముసలావిడే అంది, "దాన్నే పంపు. బాతుల్ని చూసుకోవడం పనే కానీ పేరంటం కాదుగా." ఏడాదిపాటు గడప దాటించకూడదని పట్టుబట్టిన మనిషి అంత తేలిగ్గా ఒప్పుకోవడం అందరికీ వింతగా అనిపించింది. తోట వ్యవహారమైతే ఆవిడ కూడా మెత్తబడుతుందని అనుకున్నారు.

అత్తయ్య తెల్లచీరలో, తవుడు తొట్టెతో వెళ్లింది. మేమందరం అరుగు మీంచి చూస్తున్నాం. దూరంలో ఆవిడ ఆకారం కనిపించగానే మంద మొత్తం లేచింది. ఒకటే అరుపు. మగబాతు మెడ చాచి వచ్చి కుచ్చిళ్లు పట్టుకుని లాగింది. అత్తయ్య తొట్టె అక్కడే వదిలేసి వెనక్కి వచ్చింది. చేతులతో పెంచిన బాతులు ఆవిణ్ని గుర్తుపట్టలేదని మా అమ్మ పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకు బాతుల మీద కోపం రాలేదు. అవి చూసింది నిజమే. నిన్నటి మనిషిని మేమే లేకుండా చేశాం.

ఆ రాత్రి నక్క ఒక పెట్టని ఎత్తుకుపోయింది. ఇంకో రాత్రి ఒలుపుకి సిద్ధంగా పెట్టిన రాశిలో సగం కాయలు మాయమయ్యాయి. పెద్దమామయ్యకి అది తగలాల్సిన చోట తగిలింది.

తోట చూసే తాత చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "అయ్యగారండీ, ఆటికి తెల్లకోక తెలవదండి. మన సిన్నమ్మగారంటే నీలంకోకేనండి ఆటికి. తోటలోకి ఎల్లినప్పుడు మట్టుకు పాతకోక కట్టుకుంటే మందలో పడతాయండి."

పెద్దమామయ్య తల్లి వైపు చూశాడు. ముసలావిడ గోడ వైపు తిరిగి పడుకుని, "తోట దాకానే" అంది.

మర్నాడు అత్తయ్య నీలంచీరలో వెళ్లింది. బాతులు బుసకొట్టలేదు. దగ్గరికీ రాలేదు. దూరం దూరంగా గుమిగూడి మెడలు ఎత్తి చూశాయి. రెండడుగులు వేసి మళ్లీ వెనక్కి తగ్గాయి. సాయంత్రం పాక ఖాళీ.

"గాజుల సప్పుడు లేదండి అయ్యగారూ. ఆ సప్పుడు ఇని ఇని పెరిగినయ్యండి" అన్నాడు తాత. దానికో రోజంతా తర్జనభర్జన జరిగింది. పురోహితుణ్ని అడుగుదామన్నారు. అడిగితే ఒప్పుకోడని మానేశారు. ఈలోగా ఇంకో రాత్రి కాయలు పోయాయి. గాజులొచ్చాయి. చేతినిండా కాదు, చేతికి నాలుగు. బాతులు ఈసారి ఇంకాస్త దగ్గరికి వచ్చి ఆగిపోయాయి.

ఇంక మిగిలింది ఏమిటో అందరికీ తెలుసు. తాతకి కూడా తెలుసు, కానీ ఆ మాట ఆయన అనలేకపోయాడు. నేల చూస్తూ, "మొకం ఆనవాలు పట్టాలి గదండీ" అని మాత్రం అన్నాడు.

వాకిట్లో గాలి ఆడలేదు. పెద్దమామయ్య లేచి లోపలికి వెళ్లబోయి ఆగాడు. మా నాన్న ఊపిరి బిగబట్టి నిలుచున్నాడు. అందరి చూపూ ముసలావిడ మంచం మీద. బొట్టు లేని ఆ నుదురు, నాకు ఊహ తెలిసినప్పటినుంచీ అలాగే ఉంది. చాలాసేపటికి ఆవిడ, "బాతుల కోసమే అయితే పెట్టుకోనీ" అంది.

అత్తయ్య అద్దం ముందు ఎంతసేపు నిలబడిందో నేను చూడలేదు. బయటికి వచ్చిన మనిషిని చూశాను. చూడగానే మా అమ్మ గోడకి చేరగిలబడింది. అత్తయ్య గట్టెక్కి ఎప్పటిలా "బా… బా…" అంది. బాతులన్నీ రెక్కలు పరిచి, నీళ్లు చిమ్ముకుంటూ, నేలా నీరూ ఏకం చేస్తూ వచ్చి ఆవిణ్ని చుట్టేశాయి. మగబాతు ముక్కుతో ఆవిడ గాజుల్ని పొడిచి పొడిచి చూసింది. ఆ సాయంత్రం అన్నీ వరసగా పాకెక్కాయి. "చూశారా, రూపం పడితేగానీ పట్టుబడవు" అని ఊళ్లో చాలాకాలం చెప్పుకున్నారు.

తోట దాకానే అన్నారు. కానీ ఆ ఇల్లు ఉన్నదే తోటలో. పొద్దున్న పెట్టుకున్న బొట్టు మధ్యాహ్నం చెరిపి సాయంత్రం మళ్లీ పెట్టుకోవడం కొన్నాళ్లకి ఎవరూ పట్టించుకోని సంగతి అయింది. పెళ్లిళ్లకి పిలవలేదు, హారతికి ముందుకు రమ్మనలేదు. కానీ అత్తయ్య నీలంచీరలో, గాజులతో, బొట్టుతో తిరిగింది. కొన్నేళ్లకి ముసలావిడ పోయారు.

1996 నవంబరు 6 రాత్రి తుపాను వచ్చింది. కోనసీమలో ఆ రాత్రి చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు, చూడనివాళ్లకి చెప్పినా అందదు. వెయ్యిమందికి పైగా పోయారు. తరతరాల కొబ్బరిచెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. అత్తయ్య వాళ్ల తోటలో నిలబడ్డ చెట్లని వేళ్ల మీద లెక్కపెట్టచ్చు. పాక ఆనవాలు లేదు, బాతులు ఒక్కటీ మిగల్లేదు. ఇంటి పెంకులు సగం ఎగిరిపోయాయి. ఆ శిథిలాల మధ్య నిలబడి పెద్దమామయ్య అత్తయ్య నుదుటి వైపు చూసి, "ఇంక బాతుల్లేవుగా" అన్నాడట. అంతే అన్నాడు.

పెంకులు నేయించలేదు. పడ్డ చెట్లు తీయించలేదు. అత్తయ్య ముందు చేసిన పని భీమవరం వైపు మనిషిని పంపి, గుడ్డులోంచి వచ్చి ఒకటి రెండు రోజులైన బాతుపిల్లల్ని బుట్టలో తెప్పించుకోవడం. బుట్ట దించేవేళకి నీలంచీర కట్టుకుని, గాజులు తొడుక్కుని, బొట్టు పెట్టుకుని సిద్ధంగా ఉంది. మూత తీసిన క్షణం నుంచీ అవి చూసిన మనిషి ఆవిడే.

ఈ సంగతి నాకు చాలాకాలం మామూలుగానే తోచింది. తర్వాత ఎప్పుడో కాన్రాడ్ లోరెంజ్ గురించి చదువుతుంటే మనసులో ఎక్కడో మెలిపడింది. ఆయన ఆస్ట్రియావాడు. వియన్నా దగ్గర డాన్యూబ్ ఒడ్డున ఆల్టెన్‌బర్గ్ అనే ఊళ్లో బాతుల మధ్యే బతికాడు. 1973లో నోబెల్ బహుమతి పంచుకున్న ముగ్గురిలో ఒకడు. గుడ్డులోంచి బయటపడ్డ అడవి పెద్దబాతు పిల్ల మొదట ఎవరిని చూస్తే వాళ్లనే తల్లి అనుకుంటుందని లోకానికి బాగా తెలియజెప్పింది ఆయనే. మార్టినా అని ఆయన పేరు పెట్టుకున్న బాతుపిల్ల రాత్రంతా మధ్యమధ్యలో సన్నగా పిలిచి, ఆయన బదులు పలికితేనే పడుకునేది. బాతుభాషలో పలకాలి, నిద్రమత్తులో అయినా సరే.

వేషం సంగతి కూడా ఆయనకి బాగా తెలుసు. పెంచుకున్న కాకిజాతి పక్షుల పిల్లలకి కాళ్లకి ఉంగరాలు తొడగాలి. పిల్లల్ని పట్టుకున్నవాణ్ని ఆ పక్షులు శత్రువుగా గుర్తుపెట్టుకుంటాయి. అందుకని కొమ్ములు, తోక, వేలాడే నాలుక ఉన్న దయ్యం వేషం వేసుకుని ఇంటికప్పు ఎక్కాడు. కింద ఊరి జనం మూగి నోరు తెరుచుకుని చూశారు. పక్షులు దయ్యాన్ని తిట్టుకున్నాయి, ఆయన మాత్రం మంచివాడుగానే మిగిలాడు. ఇంకో జాతి నీటిబాతు పిల్లల దగ్గర మాత్రం ఊరికే కనిపిస్తే చాల్లేదు. తల్లిలా ఆగకుండా "క్వాక్ క్వాక్" అని పలుకుతూ ఉండాలి. గొంతు ఆపితే చాలు, పిల్లలు బెదిరిపోయి ఏడుపు అందుకునేవి. గడ్డం ఉన్న పెద్దమనిషి గడ్డిలో గొంతుకూచుని పాకుతూ బాతులా అరుస్తుంటే కంచె అవతల జనం కొయ్యబారి నిలబడ్డారని ఆయనే రాసుకున్నాడు.

అది చదివాక రెండు సంగతులు నన్ను పడుకోనివ్వలేదు. ఒకటి, భీమవరం నుంచి వచ్చిన పిల్లలు. వాటికి నీలంచీరా తెలియదు, తెల్లచీరా తెలియదు. అత్తయ్య తెల్లచీరలో మూత తీసి ఉంటే తెల్లచీరనే అమ్మ అనుకుని వెంటపడేవి. రెండోది, మామయ్య గుండు. జుట్టంతా పోయిన మనిషిని ఒక్క కేకతో ఆనవాలు పట్టిన బాతులు అవి.

ఊరెళ్లినప్పుడు అడిగాను. అత్తయ్య పెరట్లో కూర్చుని ఈనెలు తీస్తోంది. జుట్టు నెరిసింది, బొట్టు మాత్రం అంతే ఉంది.

"అత్తయ్యా, ఆ రోజు తెల్లచీరలో వెళ్లినప్పుడు బాతులు నిన్ను గుర్తుపట్టలేదు కదా. నువ్వు వాటిని పిలిచావా?"

చేతిలో కత్తి ఆగింది. నా మొహంలోకి కాసేపు చూసి, ఇంట్లో ఎవరూ లేరని తెలిసి కూడా ఒకసారి గుమ్మం వైపు చూసింది.

"పిలిస్తే రావుటే?" అంది. "పిలవలేదు. నీలంచీరతో వెళ్లిననాడు అవి రాబోయాయి కూడానే. కొంగు విదిలించి బెదరగొట్టాను. గాజులేసుకున్నాక అయితే ఆ మగబాతు మరీ మరీ వచ్చేసింది. కాలితో మట్టి ఎగజిమ్మాను. అరుగు మీంచి మీకేం కనిపిస్తుంది? నోట్లోంచి 'బా' అన్న మాట రాకుండా పళ్లు కరుచుకుని నిలబడ్డాను. నక్క పెట్టని పట్టుకుపోయిన రాత్రి వెక్కి వెక్కి ఏడ్చాను. అయినా పిలవలేదు."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అత్తయ్య చెయ్యి పట్టుకుని, "అంత దుఃఖంలో నీకింత ఆలోచన ఎలా వచ్చింది అత్తయ్యా?" అన్నాను.

"నాకెక్కడ వచ్చిందే?" అంది. "పదోరోజు గాజులు తీసేసి అందరూ పోయి పడుకున్నాక, చీకట్లో మా అత్తగారు పాకుతున్నట్టు గోడ పట్టుకుని నా గదిలోకి వచ్చారు. దీపం వెలిగించబోతే వద్దన్నారు. 'తోటలోకి నిన్ను నేను పంపిస్తాను. బాతుల దగ్గర నోరు విప్పకు. వాళ్లంతట వాళ్లు బొట్టు పెట్టుకోమనే దాకా విప్పకు. అప్పుడు నేను కాదనను' అని చెవిలో చెప్పారు. నాకు అర్థం కాలేదు. ఆవిడ నా చేతులు తడిమి, గాజులు గీరుకున్న చోట నెత్తురు తన చీరచెంగుతో తుడిచారు. ఇంకో మాట అని వెళ్లిపోయారు."

"ఏమన్నారు?"

"'నాకు బాతుల్లేకపోయాయే అమ్మాయ్' అన్నారు."